పన్నెండు టెన్సులూ నోటికి వచ్చు, మాట్లాడబోతే ఒక్కటీ కుదరడం లేదు. పిల్లలకి ఎలా చెప్పాలి?

పటమట అమ్మ (విజయవాడ) | సోమవారం, రాత్రి 9:40

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. పన్నెండు టెన్సుల చార్టు గోడకి అంటించుకున్నాడు. ఏ గడిలో ఏముందో చూడకుండా అప్పజెప్తాడు, పరీక్షలో ఖాళీలు పూరించమంటే మార్కులు కూడా బాగానే వస్తాయి. కానీ "నిన్న స్కూల్లో ఏం జరిగిందో ఇంగ్లీషులో చెప్పరా" అంటే ఇలా చెప్పాడు:

‘యెస్టర్‌డే ఐ హ్యావ్ వెంట్ టు ల్యాబ్. సార్ డిడ్ నాట్ కేమ్. వీ ఆర్ వెయిటింగ్ ఫ్రమ్ టూ అవర్స్. హెడ్‌మాస్టర్ సెడ్ ఐ విల్ పనిష్ యూ.’

నాది డిగ్రీ దాకా తెలుగు మీడియం. వినగానే తేడాగా ఉందని తెలుస్తుంది గానీ ఎందుకు తప్పో విడమరిచి చెప్పలేను. చార్టు చూపిస్తే వాడే దిద్దుకుంటాడు, చార్టు పక్కన పెడితే మళ్ళీ మామూలే. ట్యూషన్‌కి పంపకుండా రోజూ కాసేపు నేనే కూర్చుని నేర్పాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏలూరు రోడ్డు (విజయవాడ) | సోమవారం, రాత్రి 10:05

లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపులకి వెళ్ళండి, హైస్కూల్ గ్రామర్ పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. రోజుకి ఒక టెన్స్ తీసుకుని ఇరవై వాక్యాలు రాయించండి. రాస్తూ ఉంటే అదే వస్తుంది. మేమంతా అలాగే నేర్చుకున్నాం.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) | సోమవారం, రాత్రి 11:20

అమ్మా, మీ అబ్బాయి చెప్పిన నాలుగు వాక్యాల్లో ఏదీ అజాగ్రత్త వల్ల తప్పలేదు. ప్రతిదాని వెనకా చక్కని తెలుగు వాక్యం ఉంది. తెలుగు క్రియ కాలాన్ని ఒక రకంగా పంచుకుంది, ఇంగ్లీషు క్రియ ఇంకో రకంగా పంచుకుంది. ఆ రెండు పంపకాల హద్దులు ఎక్కడ కలవవో సరిగ్గా అక్కడే మన పిల్లలందరూ ఒకేలా తడబడతారు. గోడ మీది చార్టులో ఇంగ్లీషు పంపకం మాత్రమే ఉంటుంది, మనది ఉండదు. అందుకే చార్టు వచ్చినా మాట రాదు. ఇరవై వాక్యాలు రాయించడం మంచిదే, కానీ ఆ హద్దు చూపించకుండా రాయిస్తే ఇరవైసార్లు అదే తప్పు రాస్తాడు.

‘సార్ డిడ్ నాట్ కేమ్’తో మొదలుపెట్టండి, ఎందుకంటే దీనికి మందు తెలుగులోనే ఉంది. ‘వచ్చారు’ అన్నదాన్ని జరగలేదని చెప్పమనండి. ‘రాలేదు’ అంటాడు. ‘వచ్చారులేదు’ అని ఏ తెలుగు పిల్లాడూ అనడు. అలాగే ‘వెళ్ళాను’ కాస్తా ‘వెళ్ళలేదు’ అవుతుంది, ‘తిన్నాం’ కాస్తా ‘తినలేదు’ అవుతుంది. అయిపోయిందని చెప్పే గుర్తు అసలు క్రియ మీద నుంచి ఊడిపోయింది. ఆ బాధ్యత ‘లేదు’ తీసుకుంది, క్రియ ఒట్టి రూపానికి వచ్చేసింది. ఇంగ్లీషు ‘డిడ్’ చేసే పని కూడా అచ్చంగా ఇదే. జరిగిపోయిన కాలాన్ని ‘డిడ్’ మోస్తోంది కాబట్టి ‘కేమ్’ మళ్ళీ ‘కమ్’ అయిపోవాలి: ‘సార్ డిడ్ నాట్ కమ్’. నేను, నువ్వు, వాళ్ళు, ఎవరైనా సరే ‘లేదు’ మారదు, ‘డిడ్’ కూడా మారదు.

చిక్కు ప్రశ్న దగ్గర వస్తుంది. ‘వచ్చారా?’ అన్నప్పుడు తెలుగు క్రియ కాలాన్ని తన దగ్గరే ఉంచుకుని చివర ‘ఆ’ మాత్రం తగిలించుకుంటుంది. అందుకే ‘డిడ్ సార్ కేమ్?’ అని నోటికి వస్తుంది. కాబట్టి ముందు ‘లేదు’ వాక్యాలు బాగా ఆడించి, అవి కుదిరాక అదే ‘డిడ్’ ప్రశ్నలోకి వెళ్తుందని చూపించండి. ‘డజ్’ కూడా ఇంతే. ‘హీ గోస్’ చివరి ఎస్ ‘డజ్’లోకి వెళ్ళిపోతుంది, మిగిలేది ‘గో’: ‘హీ డజ్ నాట్ గో’.

మిగతా మూడు వాక్యాల సంగతి రేపు రాస్తాను.

మిర్చియార్డు (గుంటూరు) | మంగళవారం, ఉదయం 7:15

మాస్టారూ, ‘వెళ్ళలేను, వెళ్ళలేడు, వెళ్ళలేరు’ అని మారుతుంది కదండీ? మారదంటున్నారేమిటి?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) | మంగళవారం, ఉదయం 7:50

మంచి ప్రశ్న బాబూ. అది చేతకాదని చెప్పే ‘లేను’, ఇంగ్లీషులో ‘క్యాన్‌నాట్’. నేను చెప్పింది జరగలేదనే ‘లేదు’ గురించి. ‘నేను వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు’ అన్నప్పుడు మారదు.

పటమట అమ్మ (విజయవాడ) | మంగళవారం, రాత్రి 8:30

మాస్టారూ, ‘వచ్చారులేదు’ అనగానే వాడికి నవ్వు వచ్చింది, ఆ తర్వాత ‘డిడ్ నాట్ కేమ్’ అనలేదు. ఇప్పుడు ‘ఐ హ్యావ్ వెంట్’ దగ్గర ఆగాం. ‘హ్యావ్’ తర్వాత ‘గాన్’ రావాలని వాడికి తెలుసు. అలా దిద్దుకుని ‘యెస్టర్‌డే ఐ హ్యావ్ గాన్’ అంటున్నాడు. ఇది కరెక్టేనా? తెలుగులో రెంటికీ ‘వెళ్ళాను’ అనే కదా!

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) | మంగళవారం, రాత్రి 9:45

రూపం కరెక్టు, వాడిన చోటు తప్పు. తెలుగువాళ్ళకి ఇంగ్లీషు క్రియల్లో అన్నిటికన్నా కష్టమైన హద్దు ఇదే అని నా అభిప్రాయం. మనకి ‘చూశాను’ ఒక్కటే చాలు. ఇంగ్లీషువాడికి రెండు కావాలి: ‘ఐ సా’, ‘ఐ హ్యావ్ సీన్’.

వాడికి ఈ ఒక్క పరీక్ష నేర్పండి: వాక్యం ‘ఎప్పుడు?’ అన్న ప్రశ్నకి జవాబు చెబుతోందా? నిన్న, పోయిన వారం, 1957లో, చిన్నప్పుడు, ఇలా ముగిసిపోయిన కాలాన్ని పట్టి చూపిస్తే ‘హ్యావ్’ రాకూడదు. ‘ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది’ అంటే ‘వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1957’. ఎప్పుడన్నది వదిలేసి, అది జరిగిందా లేదా, ఇప్పుడు దాని ఫలితం ఏమిటి అన్నదే ముఖ్యమైతే ‘హ్యావ్’. ‘నేను ప్రకాశం బ్యారేజీ చూశాను’ అని ఊరికే చెబితే ‘ఐ హ్యావ్ సీన్ ప్రకాశం బ్యారేజ్’. పోయిన ఆదివారం చూశానంటే ‘ఐ సా ఇట్ లాస్ట్ సండే’. ఎదుటివాళ్ళు ‘ఎప్పుడు చూశావు?’ అని అడగ్గానే వాక్యం ‘హ్యావ్’ నుంచి దిగిపోతుంది: ‘వెన్ డిడ్ యూ సీ ఇట్?’ అంటారు, ‘వెన్ హ్యావ్ యూ సీన్ ఇట్?’ అనరు.

కాలం ఇంకా ముగియకపోతే మాత్రం ‘హ్యావ్’ రావచ్చు. ‘ఈ వారం’, ‘ఇవాళ’, ‘ఇప్పటిదాకా’ లాంటివి అటువంటివే. ‘ఐ హ్యావ్ రిటెన్ టూ లెటర్స్ టుడే’ అనడంలో తప్పు లేదు, రోజు ఇంకా మిగిలే ఉంది కాబట్టి.

దస్తావేజు లేఖరి (గుంటూరు) | మంగళవారం, రాత్రి 10:30

నమస్కారం మాస్టారూ. ఇంగ్లీషు చెప్పేంత వాణ్ణి కాను గానీ మీరు చెప్పింది చదువుతుంటే మా రాతకోతల్లోని మాట గుర్తొచ్చింది. మేం దస్తావేజుల్లో ‘విక్రయించాను’ అని రాయం, ‘విక్రయించియున్నాను’ అని రాస్తాం. ‘స్వాధీనపరచియున్నాను’, ‘సంతకం చేసియున్నాను’ అంటాం. పని అయిపోయింది, దాని ఫలితం ఈ కాగితం చదివే వేళకి నిలబడి ఉంది అని దాని అర్థం. ఇదే కదా మీరు చెప్పే ‘హ్యావ్’?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) | మంగళవారం, రాత్రి 11:05

అవునండీ, సరిగ్గా అదే. ‘చేసి’లో పని ముగిసింది, ‘ఉన్నాను’లో ఇప్పుడు ఉంది. ముగిసిన పనిని వర్తమానానికి కట్టే ముడి అది. నోటి మాటలో మనకి ఇది తక్కువైపోయింది. కానీ ‘రాసిపెట్టాను’, ‘వండి ఉంచాను’ అంటాం చూడండి, అందులోనూ ఫలితం ఇంకా ఉందనే భావమే. ఇంగ్లీషు ‘హ్యావ్’ కూడా మొదట్లో ఉత్తరాన్ని రాసిన స్థితిలో తన దగ్గర కలిగి ఉన్నాను అన్నట్టు ఉండి, క్రమంగా ఒట్టి సహాయక క్రియగా మారింది. అమ్మా, మీ అబ్బాయికి ‘అమ్మ కూర వండి ఉంచింది’ అన్న వాక్యం ఇచ్చి చూడండి. ‘మదర్ హ్యాజ్ కుక్డ్’ అన్నది చార్టులో గడిలా కాక అర్థంతో వస్తుంది.

తెనాలి నుంచి టెక్సాస్ | బుధవారం, ఉదయం 6:10

ఒక చిన్న మాట కలుపుతాను. ఇక్కడ అమెరికన్లు ‘జస్ట్’, ‘ఆల్రెడీ’, ‘యెట్’ ఉన్నప్పుడు కూడా మామూలు పాస్ట్ వాడేస్తారు. ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అని ఆఫీసులో రోజూ వింటాను. బ్రిటిష్ పద్ధతిలో ‘హ్యావ్ యూ ఈటెన్ యెట్?’ అంటారు. సినిమాలు చూసి బాబు మొదటిది అంటే అది తప్పని కొట్టేయకండి. స్కూల్లో మాత్రం రెండోదే రాయమనండి. ‘యెస్టర్‌డే’తో ‘హ్యావ్’ అయితే ఇక్కడా అనరు, అక్కడా అనరు.

నర్సింగ్ ఫైనలియర్ (విజయవాడ) | బుధవారం, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, నేను ఐఈఎల్‌టీఎస్‌కి (విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష) తయారవుతున్నాను. స్పీకింగ్ ప్రాక్టీసులో మా మేడమ్ రెండు చోట్ల ఎప్పుడూ ఆపుతున్నారు. ఒకటి ‘ఐయామ్ స్టేయింగ్ ఇన్ విజయవాడ ఫ్రమ్ త్రీ ఇయర్స్’. రెండు ‘ఐయామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్’, ‘ఐయామ్ అండర్‌స్టాండింగ్’. అందరం ఇలాగే మాట్లాడుకుంటాం, అర్థం కూడా అవుతుంది. పరీక్షలో తప్పంటున్నారు కాబట్టి కారణం తెలిస్తే గుర్తుంటుంది.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) | బుధవారం, రాత్రి 9:10

అమ్మాయీ, ఈ రెండూ బాగా తరచి చూడాల్సినవే.

మన ‘నుంచి’ చాలా పెద్ద మాట. ‘ఏసీ కాలేజీ 1885 నుంచి గుంటూరులో ఉంది’ అంటాం. ‘ఆంధ్ర హైకోర్టు 1954 నుంచి 1956 దాకా గుంటూరులో ఉంది’ అని కూడా అంటాం. రెంటికీ ‘నుంచి’, రెంటికీ ‘ఉంది’. ఇంగ్లీషు దృష్టిలో ఇవి రెండు వేరువేరు సంగతులు. కాలేజీ ఇప్పటికీ ఉంది, అంటే 1885లో మొదలైన గీత ఇవాళ్టిదాకా వస్తోంది: ‘ఏసీ కాలేజ్ హ్యాజ్ బీన్ ఇన్ గుంటూర్ సిన్స్ 1885’. హైకోర్టు వెళ్ళిపోయింది, గీత అక్కడే ఆగిపోయింది: ‘ద ఆంధ్ర హైకోర్ట్ వాజ్ ఇన్ గుంటూర్ ఫ్రమ్ 1954 టు 1956’. నువ్వు విజయవాడలో ఇంకా ఉన్నావు కాబట్టి నీది కాలేజీ రకం వాక్యం. మొదలైన చోటు చెబితే ‘సిన్స్’, ఎంత కాలమో చెబితే ‘ఫర్’: ‘ఐ హ్యావ్ బీన్ స్టేయింగ్ ఇన్ విజయవాడ ఫర్ త్రీ ఇయర్స్’. పటమట అమ్మగారి అబ్బాయి రెండు గంటల వాక్యం నిన్నటిది కాబట్టి మొత్తం ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది: ‘వీ హ్యాడ్ బీన్ వెయిటింగ్ ఫర్ టూ అవర్స్’. చూస్తూ చూస్తూ సారు వచ్చేశారనుకో, అప్పుడు దీనికి నిండుదనం వస్తుంది: ‘వెన్ సార్ కేమ్’ అని కలపాలి. కాదు, ఊరికే నిన్న రెండు గంటలు ఎదురుచూశామని చెప్పడమే అయితే ‘వీ వెయిటెడ్ ఫర్ టూ అవర్స్’ చాలు.

ఇక ‘అండర్‌స్టాండింగ్’. మనం ‘అర్థమవుతోంది’, ‘కనిపిస్తోంది’, ‘వినిపిస్తోంది’, ‘అనిపిస్తోంది’ అని ‘తోంది’తోనే అంటాం. అవన్నీ నేరుగా ‘ఇంగ్’లోకి దిగుతాయి. ఇంగ్లీషులో ‘ఇంగ్’ జరుగుతూ, మధ్యలో ఉన్న పనికి. తెలియడం, అర్థం కావడం, ఇష్టపడటం, కలిగి ఉండటం అన్నవి పనులు కాదు, స్థితులు. వాటికి ‘ఐ నో’, ‘ఐ అండర్‌స్టాండ్’, ‘ఐ లైక్’, ‘ఐ హ్యావ్ టూ సిస్టర్స్’. అదే ‘హ్యావ్’ భోజనం చేయడం అన్న అర్థంలో వస్తే అది పని, కాబట్టి ‘ఐయామ్ హ్యావింగ్ లంచ్’ సరైనదే. ‘థింక్’ కూడా అంతే. అభిప్రాయం చెబితే ‘ఐ థింక్’, కూర్చుని ఆలోచిస్తూ ఉంటే ‘ఐయామ్ థింకింగ్ ఎబౌట్ ఇట్’. క్రియని చూసి కాదు, ఆ వాక్యంలో అది పనా స్థితా అన్నది చూసి తేల్చుకో.

మంగళగిరి టీచరు | బుధవారం, రాత్రి 10:00

మాస్టారూ, మీరు చెప్పేవన్నీ బాగున్నాయి. చార్టుని మాత్రం పూర్తిగా పక్కన పెట్టొద్దండీ. నేను రోజూ అరవై మంది పిల్లలున్న క్లాసుకి చెప్పాలి. అర్థం ఒక్కటే చెబితే రూపం దగ్గర కుప్పకూలుతారు. చార్టుతో ఇబ్బందల్లా దాన్ని పన్నెండు ముక్కలుగా బట్టీ పట్టించడమే. నిజానికి అందులో ఉన్నవి కొద్దిపాటి సూత్రాలే.

‘హ్యావ్’ పక్కన ఎప్పుడూ వీ-త్రీ, అంటే ‘గాన్’, ‘సీన్’ లాంటి క్రియ మూడో రూపం. కొనసాగుతోందని చెప్పే ‘బీ’ పక్కన ‘ఇంగ్’. ‘విల్’ పక్కన ఒట్టి క్రియ. గొలుసులో మొదటి ముక్క ఒక్కటే కాలాన్ని బట్టి, మనిషిని బట్టి మారుతుంది. అంతే. ‘షీ హ్యాజ్ బీన్ రైటింగ్’ తీసుకోండి. ‘హ్యాజ్’ వచ్చింది కాబట్టి ‘బీ’ కాస్తా వీ-త్రీ అయి ‘బీన్’ అయింది. ‘బీన్’ వచ్చింది కాబట్టి ‘రైట్’ కాస్తా ‘రైటింగ్’ అయింది. ‘హ్యాజ్’ని ‘హ్యాడ్’ చేయండి, గొలుసంతా వెనక్కి జరిగింది. ముందు ‘విల్’ పెట్టండి, ‘హ్యాజ్’ ఒట్టి ‘హ్యావ్’ అయింది: ‘షీ విల్ హ్యావ్ బీన్ రైటింగ్’. ఇలా చెబితే ‘హ్యావ్ వెంట్’, ‘విల్ గోస్’, ‘యామ్ గో’ లాంటివి పిల్లలే పట్టుకుంటారు. పాసివ్ కూడా ఇదే గొలుసుకి ఇంకో లింకు: అక్కడ ‘బీ’ పక్కన వీ-త్రీ, ‘హ్యాజ్ బీన్ రిటెన్’.

మొదటి ముక్క గురించి ఇంకొకటి. తెలుగు క్రియ ‘వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, వెళ్తారు’ అని ప్రతి మనిషికీ తోక మార్చుకుంటుంది. ఇంగ్లీషులో ప్రెజెంట్‌లో హీ, షీ, ఇట్‌లకి మాత్రమే ఎస్. పాస్ట్‌లో ‘వాజ్, వర్’ తప్ప అదీ లేదు. మన భాషలో ఇంత అలవాటున్న పిల్లలు ఆ ఒక్క ఎస్ ఎందుకు మరుస్తారంటే, మిగతా అన్ని చోట్లా ఏమీ లేదు కాబట్టి. రోజూ నోటితో ‘ఐ గో, హీ గోస్’ జంటలుగా చెప్పించడం తప్ప దీనికి దగ్గరదారి నాకు కనపడలేదు.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) | బుధవారం, రాత్రి 10:25

టీచరుగారు చెప్పిన గొలుసు పద్ధతి చాలా బాగుంది. ఒప్పుకుంటున్నాను, రూపం లేకుండా అర్థం ఒక్కటే నిలబడదు. అరవై మంది క్లాసుకి అదే దారి. ఇంట్లో ఒక్క పిల్లాడు, పక్కన అమ్మ ఉన్నప్పుడు మాత్రం ముందు అర్థం, వెంటనే గొలుసు అని నేనంటాను.

మిర్చియార్డు (గుంటూరు) | గురువారం, ఉదయం 8:00

నాకు చదువు కాదు, వ్యాపారం. చెన్నై, ముంబై పార్టీలతో ఫోన్లో ఇంగ్లీషులోనే మాట్లాడాలి. ‘రేపు లారీ పంపిస్తాను’ అనడానికి ‘ఐ సెండ్ ద లారీ టుమారో’ అంటాను. అటువైపు వాళ్ళు ‘ఆర్ యూ సెండింగ్ ఆర్ విల్ యూ సెండ్?’ అని మళ్ళీ అడుగుతారు. రెంటికీ తేడా ఏంటండీ?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) | గురువారం, ఉదయం 9:30

తేడా ఉంది బాబూ, వ్యాపారంలో ఆ తేడా డబ్బుతో సమానం.

మన ‘పంపిస్తాను’ రెండు పనులు చేస్తుంది. ‘ఏటా మార్చిలో పంపిస్తాను’ అంటే అలవాటు, ‘రేపు పంపిస్తాను’ అంటే భవిష్యత్తు. మన పాత వ్యాకరణాల్లో ఈ అలవాటు అర్థాన్ని తద్ధర్మం అని వేరే పేరుపెట్టి చెప్పారు, వాడుకలో రూపం ఒక్కటైపోయింది. ఇంగ్లీషు ‘ఐ సెండ్’ది ప్రధానంగా అలవాటు అర్థం. అందుకే నీ మాట వినగానే వాళ్ళకి సందేహం.

నిజానికి ఇంగ్లీషు క్రియకి భవిష్యత్తు అంటూ సొంత రూపం లేదు. ‘సెండ్’, ‘సెంట్’, క్రియ తనంతట తాను మారేది అంతవరకే. మూడోకాలం అని స్కూల్లో చెప్పినా, భవిష్యత్తుని వేరే మాటల సాయంతో చెప్పుకుంటారు, చెప్పే పద్ధతిని బట్టి భరోసా మారుతుంది. అప్పటికప్పుడు ఒప్పుకుంటే, మాట ఇస్తే ‘ఐ విల్ సెండ్’. ముందే అనుకుని ఉంటే ‘ఐయామ్ గోయింగ్ టు సెండ్’. లారీ మాట్లాడేశావు, బస్తాలు ఎక్కించడానికి మనుషుల్ని కూడా పిలిచావు, అప్పుడు ‘ఐయామ్ సెండింగ్ ఇట్ టుమారో’. వాళ్ళు అడిగేది లారీ మాట్లాడావా లేదా అని! ‘ఐ విల్ సెండ్’ అంటే మాట ఇచ్చినట్టు, ‘ఐయామ్ సెండింగ్’ అంటే ఏర్పాటు అయినట్టు. టైంటేబుల్ ప్రకారం జరిగేవాటికి మాత్రం ఒట్టి ప్రెజెంటే వాడతారు: ‘అవర్ ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’.

మిర్చియార్డు (గుంటూరు) | గురువారం, ఉదయం 9:50

ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదండీ ఇది. మరి ‘రేటు తగ్గితే కొంటాను’ అనడానికి ‘ఇఫ్ ద రేట్ విల్ కమ్ డౌన్, ఐ విల్ బై’ అనొచ్చా?

మంగళగిరి టీచరు | గురువారం, సాయంత్రం 5:40

ఇది నేను చెప్తాను. ‘తగ్గితే’ అన్న మాటలో ఏ కాలం ఉంది? ఏదీ లేదు. ‘కొంటాను’ వచ్చి కాలం చెబుతోంది. ‘వచ్చాక చెప్తాను’, ‘వచ్చేదాకా ఉంటాను’ కూడా అంతే, భవిష్యత్తు చివరి క్రియలో ఒక్కసారే వస్తుంది. ఇంగ్లీషులోనూ ‘విల్’ ఒక్కసారే, చివరి పని దగ్గర. ‘ఇఫ్’, ‘వెన్’, ‘ఆఫ్టర్’, ‘అంటిల్’ ఉన్న భాగంలో మామూలు ప్రెజెంట్: ‘ఇఫ్ ద రేట్ కమ్స్ డౌన్, ఐ విల్ బై’. ఇక్కడ తెలుగు మనకి అడ్డం రాదు, సాయమే చేస్తుంది. ‘ఇఫ్’ వెంట ‘విల్’ పెట్టడం, భవిష్యత్తు అంటే ‘విల్’ అని చార్టులో చదివి అన్నిచోట్లా పెట్టడం వల్ల వస్తుంది.

పటమట అమ్మ (విజయవాడ) | గురువారం, రాత్రి 9:00

హెడ్‌మాస్టర్ వాక్యం మిగిలిపోయింది మాస్టారూ. ‘పనిష్ చేస్తానన్నారు’ అన్నదాన్ని ‘సెడ్ ఐ విల్ పనిష్’ అన్నాడు. అంటే పనిష్ చేసేది మా వాడే అయ్యాడు!

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) | గురువారం, రాత్రి 10:10

అది మన ‘అని’ చేసే పని అమ్మా. ‘చేస్తానన్నారు’ని విడదీస్తే ‘చేస్తాను అని అన్నారు’. ‘చేస్తాను’లో ‘ను’ ఎవరు? హెడ్‌మాస్టరే. తెలుగు ఆయన నోటి మాటని ఆయన మనిషితో, ఆయన కాలంతో అలాగే తెచ్చి ‘అని’ పక్కన పెడుతుంది. ఇంగ్లీషు అలా ఊరుకోదు. చెప్పేవాడి వైపు నుంచి మనిషిని మారుస్తుంది, ‘సెడ్’ గతంలో ఉంది కాబట్టి లోపలి క్రియని కూడా ఒక మెట్టు గతంలోకి లాగుతుంది. ‘ఐ’ కాస్తా ‘హీ’, ‘విల్’ కాస్తా ‘వుడ్’, ‘యూ’ కాస్తా ‘అజ్’: ‘ద హెడ్‌మాస్టర్ సెడ్ హీ వుడ్ పనిష్ అజ్’. ‘హ్యావ్’ అయితే ‘హ్యాడ్’, ‘ఈజ్’ అయితే ‘వాజ్’. చెప్పిన సంగతి ఇప్పటికీ నిజమైతే మార్చకపోయినా తప్పు పట్టరు: ‘సార్ సెడ్ ద ఎర్త్ గోస్ రౌండ్ ద సన్’.

ఈ ‘హ్యాడ్’ని మాత్రం మితంగా వాడమనండి. కృష్ణ మీద పాత ఆనకట్ట 1952లో తెగింది, బ్యారేజీ 1957లో పూర్తయింది. జరిగిన వరుసలోనే చెబితే ‘బ్రీచ్డ్ ఇన్ 1952’, ‘వాజ్ కంప్లీటెడ్ ఇన్ 1957’, ‘హ్యాడ్’ అక్కర్లేదు. 1957 దగ్గర నిలబడి వెనక్కి చూస్తే అప్పుడు కావాలి: ‘ద ఓల్డ్ ఆనికట్ హ్యాడ్ బ్రీచ్డ్ ఫైవ్ ఇయర్స్ ఎర్లియర్’. గతం అనగానే గౌరవం కోసం ‘హ్యాడ్’ తగిలించడం ఆఫీసు ఉత్తరాల్లో చాలా చూస్తాం, అది వద్దు.

ముందు చూపు కూడా ఇలాగే. కృష్ణా పుష్కరాలు 2016లో వచ్చాయి, మళ్ళీ 2028లో. ‘బై ద 2028 పుష్కరమ్స్, ఐ విల్ హ్యావ్ ఫినిష్డ్ స్కూల్’ అని మీ అబ్బాయి చేత చెప్పించండి. ఆ రోజు దగ్గర నిలబడి వెనక్కి చూస్తే పని అయిపోయి ఉంటుంది. చార్టులో ఆ గడి ఎందుకుందో తెలుస్తుంది.

తెనాలి నుంచి టెక్సాస్ | శుక్రవారం, ఉదయం 5:55

ఉచ్చారణ గురించి ఎవరూ రాయలేదు, అది కూడా ఇంట్లోనే సరిచేయొచ్చు. రాతలో ‘ఈడీ’ చూసి మనం ‘వాకెడ్’, ‘వాషెడ్’, ‘హెల్పెడ్’ అంటాం. నిజానికి ‘వాక్ట్’, ‘వాష్ట్’, ‘హెల్ప్ట్’. క, ప, స, ష, చ, ఫ లాంటి ధ్వనుల తర్వాత ‘ట్’. ‘ప్లేడ్’, ‘క్లీన్డ్’ లాంటివాటికి ‘డ్’. క్రియ ట కానీ డ కానీ ధ్వనితో ముగిస్తేనే ‘ఎడ్’ విడిగా వినిపిస్తుంది: ‘వాంటెడ్’, ‘నీడెడ్’. ఇక ‘రీడ్’ రాతలో మారదు, పాస్ట్‌లో పలకడం మాత్రం ‘రెడ్’.

దస్తావేజు లేఖరి (గుంటూరు) | శుక్రవారం, రాత్రి 8:15

మాస్టారూ, నాదొక సందేహం. ‘చిన్నప్పుడు కృష్ణలో ఈత కొట్టేవాళ్ళం’ అని మనవరాలికి ఇంగ్లీషులో చెప్పాలనుకున్నాను. ‘వీ వర్ స్విమ్మింగ్’ అంటే, ‘ఎప్పుడు తాతయ్యా, అప్పుడేమైంది?’ అని అడిగింది.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు) | శుక్రవారం, రాత్రి 9:20

ఆ పాప సరిగ్గానే అడిగిందండీ. ‘వీ వర్ స్విమ్మింగ్’ అంటే ఒకానొక రోజు ఈదుతూ మధ్యలో ఉన్నారు, ఇంకేదో జరగబోతోంది అనిపిస్తుంది. అందుకే మిగతా కథ అడిగింది. మన ‘కొట్టేవాళ్ళం’, ‘వెళ్ళేవాణ్ణి’ గతంలోని అలవాటు, ఇప్పుడు మానేసినది. దానికి ఇంగ్లీషులో ‘యూజ్డ్ టు’: ‘వీ యూజ్డ్ టు స్విమ్ ఇన్ ద కృష్ణా’. అలవాటు పనులు వరుసగా చెబుతుంటే మొదట ‘యూజ్డ్ టు’ అని, తర్వాత వాక్యాల్లో ‘వుడ్’ వాడొచ్చు: ‘వీ వుడ్ గో ఎర్లీ ఇన్ ద మార్నింగ్’. స్థితులకి ‘వుడ్’ పనికిరాదు. ‘మాకు అక్కడ ఇల్లుండేది’ అంటే ‘వీ యూజ్డ్ టు హ్యావ్ ఎ హౌస్ దేర్’ అనే చెప్పాలి.

లేదని చెప్పాల్సి వస్తే ‘వీ డిడ్ నాట్ యూజ్ టు’. ‘డిడ్’ వచ్చింది కాబట్టి రాతలో చివరి డి పోతుంది. ఇప్పటి అలవాటుకి ‘యూజ్డ్ టు’ పెట్టకండి, ‘రోజూ నడుస్తాను’ అంటే ‘ఐ వాక్ ఎవ్రీడే’ చాలు. ‘ఐయామ్ యూజ్డ్ టు వాకింగ్’ అంటే నడక నాకు అలవాటైపోయింది, కష్టం అనిపించదు అని వేరే అర్థం. దాని తర్వాత ‘ఇంగ్’ వస్తుంది.